ఊసరవెల్లిని పెంచుతున్నారా, ముందు దాని నెత్తిమీద ఏ లైటుందో చూడండి

ఈ మధ్య నాకు వచ్చే మెసేజ్‌లలో చాలావాటికి ఒకే రకం ఫోటో జత చేసి ఉంటోంది. ఏడాది కూడా నిండని ఊసరవెల్లి పిల్ల, ముందు కాళ్ళు వంకర తిరిగి, కొమ్మను గట్టిగా పట్టుకోలేక పంజరం అడుగున కూర్చుని ఉంటుంది. కింద ప్రశ్న కూడా దాదాపు ఒకటే. "అన్నా, కాల్షియం పౌడర్ రోజూ వేస్తూనే ఉన్నాను, మరి ఇలా ఎందుకైంది?" ఫోన్‌లో రెండు లైన్లలో చెప్పే విషయం కాదిది, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేనుండేది బెంగళూరులో కాబట్టి ఈ ఊరి చలిని, ఎండను, నీళ్ళను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. మా ఇంట్లో ఉన్నది వీల్డ్ కమేలియన్, మగది, పేరు బుజ్జిగాడు. యెమెన్, నైరుతి సౌదీ అరేబియా కొండ ప్రాంతాల జాతి అది. మన దగ్గర ఎక్కువగా పెంచే ఇంకో రకం మడగాస్కర్ తీరప్రాంతపు పాంథర్ కమేలియన్.

ముందు ఆ ప్రశ్నకు జవాబు. కాల్షియం తిన్నంత మాత్రాన ఎముకకు చేరదు. పేగుల్లోంచి రక్తంలోకి రావాలంటే విటమిన్ డి3 ఉండాలి. ఆ డి3ని ఊసరవెల్లి తన చర్మంలోనే తయారు చేసుకోగలదు, కానీ దానికి రెండు కావాలి. మొదటిది యూవీబీ, అంటే అతినీలలోహిత కిరణాల్లో సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే భాగం. అది చర్మంలోని ఒక రకం కొలెస్ట్రాల్ మీద పడితే డి3కి ముందు రూపం తయారవుతుంది. రెండోది వెచ్చదనం, ఎందుకంటే ఆ ముందు రూపం అసలు డి3గా మారేది ఒంటి వేడికే. మన ఒళ్ళు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఈ రెండో మెట్టు గురించి మనం ఆలోచించక్కర్లేదు, ఊసరవెల్లికి అలా కుదరదు, చుట్టూ ఉన్న గాలి చల్లబడితే దాని ఒళ్ళూ చల్లబడుతుంది, ఆ పని నత్తనడక నడుస్తుంది. ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాలు ఆ డి3ని పనిచేసే హార్మోన్‌గా మారుస్తాయి, అప్పుడుగానీ కాల్షియం పేగు దాటదు. ఈ గొలుసులో ఎక్కడ తెగినా, గుండెకీ కండరాలకీ కావలసిన కాల్షియం కోసం శరీరం సొంత ఎముకల్లోంచే తీసి వాడుకోవడం మొదలుపెడుతుంది. మీరు ఫోటోలో పంపే వంకర కాళ్ళు అవే. అందుకని లైటు ఒక సంగతి, హీటు ఇంకో సంగతి, తిండి మరో సంగతి అని విడగొట్టి చూడొద్దు. మూడూ కలిసి ఒకటే.

ఇప్పుడు లైటు. "షాపతను యూవీ బల్బ్ ఇచ్చాడు" అని చాలామంది చెప్తారు, ఫోటో పంపమంటే ఊదా రంగులో మెరిసే ఎల్‌ఈడీ బల్బో, నీలం రంగు పూసిన మామూలు ఫిలమెంట్ బల్బో కనిపిస్తుంది. వాటిలో యూవీబీ ఉండదు. రంగు చూసి యూవీ ఉందనుకోవద్దు, యూవీబీ మన కంటికి కనపడదు. దీనికంటే ప్రమాదకరమైంది ఇంకోటుంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. అక్వేరియం షాపుల్లో నీళ్ళు శుభ్రం చేయడానికి అమ్మే యూవీ లైట్లు, కరోనా సమయంలో గదులు శుభ్రం చేయడానికని అమ్మిన ట్యూబులు, వాటర్ ప్యూరిఫయర్‌లో ఉండే దీపాలు యూవీసీ రకం, 254 నానోమీటర్లవి. అవి క్రిముల్ని చంపడానికి చేసినవి. వాటి వెలుతురు నేరుగా పడితే ఊసరవెల్లి కళ్ళు, చర్మం కాలిపోతాయి, మీ కళ్ళకూ దెబ్బే. యూవీ అన్న రెండక్షరాలు చూసి అలాంటిది తెచ్చి పంజరం మీద పెట్టకండి.

కావలసింది సరీసృపాల కోసం తయారైన పొడవాటి ట్యూబ్, టీ5 హెచ్ఓ రకం, అంటే సన్నగా ఉండి ఎక్కువ వెలుతురిచ్చేది. ఆర్కేడియా కంపెనీదైతే 6 శాతం యూవీబీ అని రాసి ఉన్నది, జూమెడ్ వాళ్ళదైతే రెప్టిసన్ 5.0, ఈ రెండిట్లో ఏదైనా వీల్డ్‌కీ పాంథర్‌కీ సరిపోతుంది. రెండడుగుల వెడల్పు పంజరానికి 24 వాట్ల ట్యూబ్ పెడితే చాలు. చుట్టలు చుట్టినట్టుండే చిన్న కాయిల్ బల్బులు చవగ్గా దొరుకుతాయి, నేనైతే వద్దంటాను. వాటి వెలుతురు ఒకే చోట కాస్తంత పడుతుంది, అంగుళాల తేడాలో బలం మారిపోతుంది, కొమ్మ మీద అటూ ఇటూ నడిచే జీవికి అది చాలదు. ట్యూబ్ వెనక మెరిసే రిఫ్లెక్టర్ ఉండాలి. ట్యూబ్‌కీ, కొమ్మ మీద కూర్చున్న ఊసరవెల్లి వీపుకీ మధ్య దూరం 20 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంచండి. పైన జాలీ ఉంటే ఆ జాలీయే చాలావరకు యూవీబీని తినేస్తుంది, జాలీ ఎంత సన్నగా అల్లి ఉంటే అంత ఎక్కువ, కాబట్టి ఇంట్లో మిగిలిన దోమల జాలీతో కేజ్ పైకప్పు కట్టించిన వాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి. కొలిచే పరికరం ఉంది, సోలార్‌మీటర్ 6.5 అంటారు, దాంట్లో చలి కాచుకునే కొమ్మ దగ్గర యూవీ ఇండెక్స్, అంటే యూవీ తీవ్రతను చెప్పే అంకె, 3 దగ్గర్లో కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ఖరీదు ఎక్కువే, కానీ ఊళ్ళో పెంచేవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే అందరికీ పనికొస్తుంది, ఇది నేను గట్టిగా చెప్తాను.

ట్యూబ్ వెలుగుతూ ఉంది కదా అని ఏళ్ళ తరబడి వాడకండి. కంటికి కనిపించే వెలుతురు అలాగే ఉంటుంది, యూవీబీ మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. టీ5 ట్యూబ్‌ను ఏడాదికోసారి మార్చడం మంచిది. పెట్టిన రోజే ట్యూబ్ చివర మార్కర్‌తో తేదీ రాసిపెట్టండి. రోజుకు 12 గంటలు వెలుతురు, 12 గంటలు పూర్తి చీకటి. ఆఫీసు నుంచి ఎప్పుడొస్తామో తెలియని ఊరిది, మనం స్విచ్ వేసి ఆర్పే పని పెట్టుకోకుండా ఎలక్ట్రికల్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో ఒక టైమర్ ప్లగ్ కొనుక్కోండి. యూవీబీ ట్యూబ్‌తో పాటు మామూలు తెల్ల ఎల్‌ఈడీ, పగటి వెలుతురు లాంటి 6500 కెల్విన్‌ది, ఒకటి పెడితే లోపలి మొక్కలు బతుకుతాయి, ఊసరవెల్లీ పగలు హుషారుగా ఉంటుంది. రాత్రి పూట ఎరుపు బల్బు పెట్టమని కొందరు చెప్తారు. వినకండి. ఊసరవెల్లికి రంగులు చాలా బాగా కనిపిస్తాయి, ఎర్ర వెలుతురు కూడా దానికి వెలుతురే, నిద్ర చెడుతుంది.

ఎంత యూవీ కావాలో ఊసరవెల్లికి తెలుసు అన్నది నాకు చాలా ఇష్టమైన విషయం. అమెరికాలో గ్యారీ ఫెర్గూసన్, ఆయన సహచరులు పాంథర్ కమేలియన్ల మీద చేసిన పరిశోధనలు 2003లో, 2009లో వచ్చాయి. తిండిలో డి3 తక్కువగా దొరికిన ఊసరవెల్లులు ఎండలో ఎక్కువసేపు గడిపాయి, ఎక్కువగా దొరికినవి నీడకు జరిగాయి. అంటే లోపల ఎంత ఉందో తెలుసుకుని దానికి తగ్గట్టు ఎంత ఎండ కావాలో అవే నిర్ణయించుకుంటున్నాయన్నమాట. మనం చేయాల్సిందల్లా ఆ నిర్ణయం అమలు చేసుకునే వీలు కల్పించడం. పంజరంలో ఒక వైపు ట్యూబ్ కింద ఖాళీ కొమ్మ, ఇంకో వైపు దట్టమైన ఆకులు. పంజరమంతా లైటుతో నింపేసి దాక్కునే చోటు లేకుండా చేస్తే ఎంత మంచి ట్యూబైనా హానే.

ఇక బెంగళూరు ఎండ. ఏ ట్యూబూ అసలు ఎండకు సాటి రాదు, ఉదయం పూట బాల్కనీలో కాసేపు ఎండలో ఉంచగలిగితే అంతకంటే మంచిది లేదు. కానీ అద్దం వెనక ఎండ ఎండ కాదు. కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో బాల్కనీలకు అద్దాలు బిగించుకోవడం మామూలైపోయింది, "మా వాడు రోజూ ఎండలోనే ఉంటాడు" అని సంతోషపడేవాళ్ళు ఆ అద్దం తెరిచి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. నేను ఉదయం ఎండ తీవ్రం కాకముందే బయట పెడతాను, జాలీ పంజరంలోనే, అందులో సగం కచ్చితంగా నీడ ఉండేలా, పక్కనే నేనుండగానే. అద్దాల తొట్టిలో పెట్టి ఎండలో ఉంచితే లోపల వేడి నిమిషాల్లో పెరిగి జీవి చనిపోతుంది, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. మార్చి నుంచి మే దాకా ఇక్కడ మధ్యాహ్నం యూవీ చాలా తీవ్రం, పదింటి తర్వాత లోపలికి తెచ్చేయండి. జూన్ నుంచి మబ్బులు మొదలైతే వారాల తరబడి సరైన ఎండ ఉండదు, అందుకే బాల్కనీ ఉన్నా ట్యూబ్ తప్పదు.

వేడి విషయంలో బెంగళూరు వాళ్ళు అదృష్టవంతులు. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు, రాత్రి చల్లబడుతుంది, డిసెంబరు జనవరిలో 15 డిగ్రీల దాకా దిగుతుంది. వీల్డ్‌కి ఈ రాత్రి చల్లదనం కావాలి, కొండ ప్రాంతపు జీవి కదా. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఊసరవెల్లికి ఇక్కడి రాత్రుల్లో హీటర్ అక్కర్లేదు, దుప్పటి కప్పక్కర్లేదు. హీటింగ్ ప్యాడ్, హీట్ రాక్ లాంటివి అసలే వద్దు, చెట్టు మీది జీవికి వేడి పైనుంచి రావడం తెలుసు, పొట్ట కింద నుంచి వచ్చే వేడికి కాలినా కదలకపోవచ్చు. చెన్నైలో ఉండే మిత్రుల పరిస్థితి వేరు. మే నెలలో రాత్రి కూడా 28 డిగ్రీలు దిగని చోట చలి కాచుకునే బల్బు గురించి కాదు, చల్లబరచడం గురించి ఆలోచించాలి. అక్కడ ఏసీ గదిలో గాలి నేరుగా తగలని మూల చూసి పెట్టడమే దారి.

పగలు ఒక కొమ్మ దగ్గర మాత్రం వెచ్చదనం కావాలి. మగ వీల్డ్‌కి ఆ కొమ్మ మీద 30 డిగ్రీలు, కాస్త మించితే 32. ఆడదానికి 27, 28 చాలు. పాంథర్‌కి 29, 30. మిగతా పంజరం గది వేడిలోనే ఉంటే సరిపోతుంది, 22 నుంచి 26 మధ్య. మామూలు 40 లేదా 60 వాట్ల ఫిలమెంట్ బల్బో, హాలోజన్ బల్బో చాలు, ప్రత్యేకంగా బాస్కింగ్ బల్బ్ అని రాసి ఉన్న పెట్టె అక్కర్లేదు. బల్బును పంజరం బయట, జాలీ పైన పెట్టండి, వీపుకీ బల్బుకీ మధ్య జానెడు పైన దూరం ఉండాలి. వీల్డ్ తల మీద ఎత్తుగా కిరీటం లాంటిది ఉంటుంది, అది పెరిగే కొద్దీ బల్బుకు దగ్గరవుతుంది, పిల్లగా ఉన్నప్పుడు సరిపోయిన దూరం ఏడాదికల్లా చాలదు. అలా కాలిన కిరీటాలు చూశాను, మానడానికి చాలా కాలం పడుతుంది. ఈ బల్బును యూవీబీ ట్యూబ్ పక్కనే, అదే కొమ్మ మీద వెలుతురు పడేలా పెట్టాలి. ఒక మూల వేడి, ఇంకో మూల యూవీ పెడితే ఊసరవెల్లి చలికాలంలో వేడి దగ్గరే కూర్చుంటుంది, యూవీ దగ్గరికి పోదు. పైన చెప్పిన గొలుసు అక్కడే తెగుతుంది.

బల్బు రోజంతా అక్కర్లేదు. ఉదయం మూడు నాలుగు గంటలు, చలికాలమైతే సాయంత్రం ఇంకో గంట. ఏప్రిల్‌లో గదిలోనే 30 దాటితే ఉదయం ఒక గంట వేసి ఆపేయొచ్చు. అంచనా మీద వద్దు, వైరు చివర ప్రోబ్ ఉండే డిజిటల్ థర్మామీటర్‌ను ఆ కొమ్మ మీదే వీపు ఎత్తులో కట్టండి. దానికి తోడు ఊసరవెల్లి రంగు చూడటం నేర్చుకోండి. వెనకున్న ఆకుకు తగ్గట్టు రంగు మార్చుకుంటుందని మనందరం చిన్నప్పటి నుంచి విన్నాం, నిజానికి అది ఎక్కువగా మార్చేది మూడ్‌ను బట్టి, ఒంటి వేడిని బట్టి. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు పాంథర్ చర్మంలో చిన్న చిన్న గ్వానిన్ స్ఫటికాలు ఉంటాయని, వాటి మధ్య ఎడం మారితే తిరిగొచ్చే వెలుతురు రంగు మారుతుందని చూపించారు. ఉదయాన్నే బుజ్జిగాడు నల్లబడి, పక్కకు పలచగా వెడల్పై బల్బు వైపు ఒంటిని తిప్పి కూర్చుంటాడు, వేడిని ఎక్కువ పీల్చుకోవడానికి. ఒళ్ళు వెచ్చబడ్డాక ఆకుపచ్చకు తిరుగుతాడు. మధ్యాహ్నానికి కూడా నల్లగానే బల్బు కింద కూర్చుంటే వేడి సరిపోవట్లేదన్నమాట, లేదా ఒంట్లో బాగోలేదు. బాగా పాలిపోయి నోరు తెరిచి కూర్చుంటే వేడెక్కువైంది, వెంటనే బల్బు ఆర్పి ఆకుల మీద నీళ్ళు చల్లండి.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం ఉంది. చల్లగా ఉన్నప్పుడు సరీసృపాల కండరాలు మందగిస్తాయి, కానీ ఊసరవెల్లి నాలుక మాత్రం చలిలోనూ దూసుకెళ్తుంది. 2010లో వీల్డ్ కమేలియన్ల మీద వచ్చిన పరిశోధనలో 15 డిగ్రీల దగ్గర కూడా నాలుక విసరడం పెద్దగా తగ్గలేదు, ఎందుకంటే ఆ బలం కండరం అప్పటికప్పుడు ఇచ్చేది కాదు, ముందే సాగదీసి దాచుకున్న కొల్లాజెన్‌ది. వెనక్కి లాక్కోవడం మాత్రం కండరం పని కాబట్టి బాగా నెమ్మదించింది. మనకు దీంతో పనేమిటంటే, చలిలో అది పురుగును పట్టి మింగినంత మాత్రాన అరిగించుకోగలదని కాదు. అరుగుదలకు ఒంటి వేడి కావాలి. అందుకే తిండి ఉదయం, బల్బు వెలిగి కాసేపు వెచ్చబడ్డాక పెట్టాలి, తిన్న తర్వాత ఇంకా రెండు మూడు గంటల వెచ్చదనం మిగిలి ఉండాలి. ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదింటికి వచ్చి ప్రేమగా పురుగులు పెడితే అవి రాత్రంతా కడుపులో అరగక ఉంటాయి.

తిండి గురించి రాయాలంటే నాకు హుషారే, ఎందుకంటే మన ప్రాంతానికి ఒక వరం ఉంది. చాలామంది కీచురాళ్ళతోనే నెట్టుకొస్తారు, పెంచినవి ఇప్పుడు బెంగళూరులో కొరియర్‌లో కూడా వస్తున్నాయి, మంచి తిండే. అవి దొరకని వాళ్ళు పక్షులకు అమ్మే మీల్‌వర్మ్స్, సూపర్‌వర్మ్స్ మీద పడతారు. అవి ఎప్పుడో ఒకటీ రెండూ సరేగానీ రోజూ పెట్టేవి కావు, కొవ్వెక్కువ. ఇంకో సంగతి, ఊసరవెల్లి తిండిలో కాల్షియం భాస్వరానికి దాదాపు రెట్టింపు ఉండాలంటారు, మనం పెట్టే పురుగులన్నిట్లో దాదాపుగా అది తలకిందులుగా ఉంటుంది, భాస్వరం చాలా ఎక్కువ. పౌడర్ చల్లడం అందుకే.

వరం అన్నది పట్టుపురుగు గురించి. సిడ్లఘట్ట, రామనగర, ఇటు మన హిందూపురం, చుట్టూ పట్టు రైతులే. విదేశాల్లో ఊసరవెల్లి పెంచేవాళ్ళు ఎంతో ఖర్చు పెట్టి తెప్పించుకునే పురుగు ఇది. మెత్తగా ఉంటుంది, నీటిశాతం ఎక్కువ, కొవ్వు తక్కువ, గట్టి పెంకు లేదు, కాబట్టి తేలిగ్గా అరుగుతుంది, ఎండాకాలంలో ఒంట్లో నీటికీ పనికొస్తుంది. మా బావమరిది హిందూపురం దగ్గర పట్టుపురుగులు పెంచుతాడు. ఊరికి వెళ్ళినప్పుడల్లా "బావా, మూడో జ్వరం లేచినవి తీసుకుపో, మీవాడి నోటికి అవే సరిపోతాయి, పొడి చల్లిన పడకలోవి మాత్రం వద్దు" అని తనే ఏరి ఇస్తాడు. పట్టు రైతులు జ్వరం అనేది పురుగు మేత మాని కుబుసం విడిచే దశను. ఆ పొడి మాట ముఖ్యం. పురుగులకు తెగుళ్ళు రాకుండా పడకల మీద సున్నం, మందు పొడులు చల్లుతారు, పట్టుపురుగుల మీద గుడ్లు పెట్టే ఊజి ఈగకు వేరే మందులుంటాయి. మీరు రైతు దగ్గర తీసుకుంటే ఏం చల్లారో, ఎప్పుడు చల్లారో అడగండి, చల్లనివే తీసుకోండి, ఇంటికి తెచ్చి రెండు మూడు రోజులు శుభ్రమైన మల్బరీ ఆకు మేపి ఆ తర్వాతే పెట్టండి. ఒక ధైర్యం ఏమిటంటే పురుగుమందు తగిలిన ఆకు తింటే పట్టుపురుగే ముందు చచ్చిపోతుంది, అందుకే పట్టు రైతు మల్బరీ తోట విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటాడు. కుండీలో ఒక మల్బరీ కొమ్మ నాటుకుంటే బెంగళూరులో తేలిగ్గా బతుకుతుంది, ఇంట్లోనే మేపుకోవచ్చు. పురుగు సైజుకు ఒక కొలత ఉంది, ఊసరవెల్లి రెండు కళ్ళ మధ్య ఎడం కంటే పురుగు లావుగా ఉండకూడదు.

ఇంకో మంచి తిండి బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వా. ఇంట్లో తడి చెత్తతో కాంపోస్ట్ చేసేవాళ్ళ డబ్బాల్లో కనిపించే లావుపాటి పురుగులే. వీటిలో మాత్రం కాల్షియం సహజంగానే ఎక్కువ. కానీ మీ కాంపోస్ట్ డబ్బాలోంచి తీసి నేరుగా పెట్టకండి, కుళ్ళిన చెత్తలో పెరిగినవి అవి. తిండికోసం శుభ్రంగా పెంచినవే తీసుకోండి. కొన్నిటిని ఈగలయ్యేదాకా ఉంచి పంజరంలో వదిలితే ఎగిరే ఈగను గురి చూసి కొట్టడంలో ఊసరవెల్లికి మంచి వ్యాయామం, చూడటానికి మనకూ ఎంతో ఆనందం. బయట దొరికే పురుగుల విషయంలో నేను కఠినంగా ఉంటాను. తొలకరి వానలకు లైటు చుట్టూ మూగే ఉసిళ్ళు పెట్టొచ్చా అని అడుగుతారు, పల్లెలో మందులు కొట్టని చోటైతే ఓ పూట సరే, అపార్ట్‌మెంట్లో చెదలకు మందు కొట్టి ఉంటారు, వద్దు. మిణుగురులు ఎక్కడివైనా అసలు వద్దు, కొన్ని జాతుల్లో బల్లి జాతి జీవుల్ని చంపేసేంత విషం ఉంటుంది. పంజరం ఉన్న గదిలో దోమల కాయిల్, లిక్విడ్ రీఫిల్ కూడా వాడకండి.

పురుగు కడుపులో ఏముందో అదే ఊసరవెల్లి తిండి. కీచురాళ్ళకు పెట్టే ముందు ఒకటి రెండు రోజులు మునగాకు, క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప, నారింజ ముక్కలు వేయండి. మునగాకులో కాల్షియం బాగా ఉంటుంది, మన ఇళ్ళ దగ్గర ఉచితంగా దొరికేది, దాన్ని మించింది లేదు. పాలకూర వద్దు, దాంట్లోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. వీల్డ్ పెద్దదయ్యాక ఆకులూ కొరుకుతుంది, మందారం ఆకులు, పూలు బుజ్జిగాడికి ఇష్టం. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల్ని ఆకులన్నీ కడిగి, పై మట్టి మార్చి, కొన్ని వారాలు విడిగా ఉంచాకే లోపల పెట్టండి.

పౌడర్ల గురించి. డి3 కలపని కాల్షియం పౌడర్ ప్రతిసారీ పలచగా చల్లాలి, పురుగు తెల్లగా పిండి పూసినట్టు కనిపించేంత అక్కర్లేదు. డి3, విటమిన్ ఎ రెండూ ఉన్న మల్టీవిటమిన్ మాత్రం నెలకు రెండుసార్లు, మించొద్దు. యూవీబీ ట్యూబ్ కొనకుండా రోజూ డి3 పౌడర్ వేస్తే సరిపోతుంది కదా అనే సలహా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, అది చాలా తప్పు సలహా. చర్మంలో తయారయ్యే డి3కి ఒంట్లో ఒక హద్దు ఉంది, ఎక్కువైంది ఆ వెలుతురులోనే వేరే పదార్థాలుగా విరిగిపోతుంది. నోటి ద్వారా వెళ్ళేదానికి ఆ హద్దు లేదు, ఎక్కువైతే కిడ్నీల్లో, రక్తనాళాల్లో కాల్షియం పేరుకుపోతుంది. విటమిన్ ఎ కూడా అంతే, తక్కువైతే కళ్ళు వాచి మూసుకుపోతాయి, కుబుసం సరిగ్గా విడవదు, ఎక్కువైతే డి3 పనికి అడ్డుపడుతుంది.

ఎంత పెట్టాలి అంటే, పిల్లలకు రోజూ, కడుపు నిండా. ఏడాది దాటిన మగదానికి రోజు విడిచి రోజు నాలుగైదు పురుగులు చాలు. ఆడదానికి ఇంకా తగ్గించి పెట్టాలి. ఆడ వీల్డ్ మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. తిండి, వేడి రెండూ ఎక్కువైతే ఒకేసారి 50, 60, అంతకు పైన కూడా పెడుతుంది, ఆ గుడ్ల పెంకులకు కావలసిన కాల్షియమంతా దాని ఒంట్లోంచే పోవాలి. గుడ్లు లోపలే ఇరుక్కుని చనిపోయేవి చాలా ఉన్నాయి. అందుకే పైన ఆడదానికి 27, 28 డిగ్రీలే అన్నాను. లోపల ఎప్పుడూ తడి ఇసుక, మట్టి కలిపి నింపిన లోతైన తొట్టి ఒకటి ఉంచండి, అది తవ్వుతుంటే ఎవరూ చూడకూడదు, పంజరానికి గుడ్డ కప్పండి.

నీళ్ళు గిన్నెలో పెడితే చాలావరకు చూడను కూడా చూడదు. ఆకు మీద చుక్కల్ని నాకుతుంది. తెల్లవారుజామున లైటు వెలగకముందు, రాత్రి లైటు ఆరాక ఆకులు తడిసేలా చల్లి, పగలు పంజరం ఆరనివ్వండి. బోరు నీళ్ళు చల్లితే ఆకుల మీద, స్ప్రే నాజిల్‌లో తెల్లటి సున్నం పేరుకుంటుంది, ఆర్ఓ నీళ్ళు వాడండి. ఫాగర్, అంటే మంచులా తేమ చిమ్మే యంత్రం, ఉన్నవాళ్ళు చల్లటి రాత్రుల్లోనే వేయండి, వేడి పగళ్ళలో గాలి ఆడని చోట తేమ నింపితే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. రెట్టలో తెల్లగా ఉండే భాగం తెల్లగానే ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టు, ముదురు నారింజ రంగులోకి తిరిగితే చాలట్లేదు.

కాళ్ళు వంగేదాకా ఎదురు చూడొద్దు. అంతకు చాలా ముందే సూచనలుంటాయి. గురి చూసి నాలుక విసిరినా దూరం అందదు, నడిచేటప్పుడు కాళ్ళు వణుకుతాయి, పట్టు సడలి కొమ్మ మీంచి జారుతుంది, కింది దవడ మెత్తబడుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించండి. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే డాక్టరైతే ముందే ఫోన్ చేసి అడగండి. కాల్షియం ద్రావణం ఎంత మోతాదు, నోటి ద్వారానా ఇంజెక్షనా అన్నది డాక్టరే తేల్చాలి, మన ఇంట్లో ఉన్న సిరప్ పట్టకండి. తొందరగా పట్టుకుంటే ఎముక మళ్ళీ గట్టిపడుతుంది. వంగిన ఎముక మాత్రం తిరిగి నిటారుగా రాదు, కానీ వంకర కాళ్ళతో కూడా సరైన లైటు కింద ఏళ్ళపాటు హాయిగా బతికినవి ఉన్నాయి, కాబట్టి వదిలేయకండి, తక్కువ ఎత్తులో అడ్డం కొమ్మలు కట్టివ్వండి.

చివరగా చట్టం మాట. మన పొలాల గట్ల మీద, కంచెల్లో కనిపించే ఊసరవెల్లి మన దేశపు జాతి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. ఊరి నుంచి డబ్బాలో పెట్టుకొచ్చి "దీన్ని ఎలా పెంచాలి" అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, పట్టిన చోటే వదిలేయండి. వీల్డ్, పాంథర్ లాంటి విదేశీ జాతులు వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వాటిని పెంచేవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. అమ్మేవాళ్ళను ముందే కాగితాలు అడగండి. చూపించకపోతే ఆ పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి. కాగితాలున్న మనిషి దొరికి, అడ్వాన్స్ ఇచ్చాక కూడా పిల్లను వెంటనే తెచ్చుకోకండి. ముందు ఖాళీ పంజరంలో ట్యూబ్, బల్బు, టైమర్, మొక్కలు అన్నీ పెట్టి, ఒక వారం పాటు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఆ కొమ్మ దగ్గర ఎన్ని డిగ్రీలుందో రాసుకోండి. ఆ అంకెలు కుదిరాక వెళ్ళి తెచ్చుకోండి.